టి. నగర్‌కు ఇంటిల్లిపాదీ వెళ్ళగలమా?

వైకల్యం గలవారికి ఎదురయ్యే అడ్డంకులు, వాటిని తొలగించే మార్గాలు

మన సరిహద్దు పల్లెలలో పెండ్లి కుదిరిందంటే మొదట వినవచ్చే మాట "టి. నగర్‌కు ఎప్పుడు పోదాము?" అన్నదే. సత్యవేడు, నగరి, పుత్తూరు, తడ, సూళ్ళూరుపేట ప్రాంతాల వారికి గానీ, గుమ్మిడిపూండి, తిరుత్తణి వైపున ఉన్న తెలుగు కుటుంబాలకు గానీ పట్టుచీరలు, నగలు, పాత్రసామాను అనగానే మనసు అటే పోతుంది. వేకువజామున బయలుదేరి, రాత్రికి సంచులతో తిరిగివచ్చే ఆ ప్రయాణం పిల్లలకు పెండ్లికి ముందు వచ్చే మరొక పండుగ.

ఒకసారి తరగతిలో నగరాలను గురించిన పాఠం చెబుతూ, "టి. నగర్ చూచినవారు చేతులెత్తండి" అన్నాను. దాదాపు అందరి చేతులూ లేచినవి. కాలికి క్యాలిపర్ ధరించి నడిచే ఒక బాలుడు మాత్రం చేయి ఎత్తలేదు. వాని అక్క పెండ్లి జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. ఎందుకు వెళ్ళలేదని అడుగగా, "నన్ను అవ్వ కాడ ఇడిసిపెట్టి పోయినారు సార్. ఆడ మెట్లు జాస్తి అంట" అన్నాడు. వాని మాటలో కోపం లేదు. అది మామూలే అన్నట్లు చెప్పినాడు. ఆ తల్లిదండ్రులు ప్రేమ లేనివారు కారు. బిడ్డ ఇబ్బంది పడునేమోనన్న భయంతోనే ఇంటి వద్ద ఉంచినారు. అయినను, ఇంటిల్లిపాదీ వెళ్ళిన చోటికి ఒక్కరు మాత్రం వెళ్ళలేకపోవడానికి కారణం వాని కాలా, అక్కడి మెట్లా అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు సమాధానం వెదకే ప్రయత్నమే.

టి. నగర్‌తో మన అనుబంధం

చెన్నై నగరంలోని టి. నగర్ పూర్తి పేరు త్యాగరాయ నగర్. 1916లో జస్టిస్ పార్టీ స్థాపకులలో ఒకరైన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద అది ఏర్పడినది. ఆయన తెలుగువారు, 1925లో మరణించారు. మైలాపూరు, మాంబళం వైపున్న పెద్ద చెరువు భూములను పూడ్చి 1920లలో ఈ పేటను కట్టినారు. దాని నడుమ ఉన్న పానగల్ పార్కు 1921 నుండి 1926 వరకు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా పనిచేసిన పానగల్ రాజా పేరున వెలసినది. ఆయన అసలు పేరు పానగంటి రామరాయణింగారు. స్వస్థలం మన శ్రీకాళహస్తి.

తరువాతి కాలంలో సినిమా పరిశ్రమ మద్రాసులో ఉన్నన్నాళ్ళు ఈ పేట తెలుగువారికి రెండవ ఇల్లు వంటిది. నందమూరి తారక రామారావు నివాసం బజుల్లా రోడ్డులో ఉండేది. ఘంటసాల ఉస్మాన్ రోడ్డులో నివసించారు. వెంకటనారాయణ రోడ్డులోని తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీవారి ఆలయానికి నేటికీ తెలుగు భక్తులు వెళుతూనే ఉన్నారు. కనుక టి. నగర్‌లో ఎవరు తిరుగగలరు, ఎవరు తిరుగలేరు అన్నది మన ఇళ్ళకు సంబంధించిన విషయమే.

వైకల్యం ఎక్కడ ఉన్నది?

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వైకల్యం గలవారు 2.68 కోట్ల మంది, అనగా జనాభాలో 2.21 శాతం. వీరిలో మూడింట రెండు వంతులకు మించి పల్లెలలోనే ఉన్నారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వీరి సంఖ్య సుమారు 22.6 లక్షలు, తమిళనాడులో సుమారు 11.8 లక్షలు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైనది. 2014 మార్చి 27న దేశం పోలియో రహితమైనట్లు ధ్రువీకరణ పొందినది. అయితే అంతకు ముందు పోలియో సోకి, నేడు నడివయసుకు వచ్చినవారు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వ్యాధి పోయినది, వారి ముందున్న మెట్లు మాత్రం పోలేదు.

వైకల్యాన్ని పూర్వం కర్మఫలమనేవారు. తరువాత వైద్యులు నయం చేయవలసిన లోపమన్నారు. నేటి అవగాహన వేరు. ఒకరి శరీరంలోనో, ఇంద్రియాలలోనో, బుద్ధిలోనో ఉన్న పరిమితికి బయటి అడ్డంకి తోడైనప్పుడు వైకల్యం ఏర్పడుతుందని 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం గలవారి హక్కుల ఒడంబడిక చెబుతున్నది. భారతదేశం దానిని 2007 అక్టోబరు 1న ధ్రువీకరించినది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి దుకాణం ముందు రెండు మెట్ల వద్ద ఆగిపోతే, అక్కడ ఆమెను ఆపినది మెట్లే. ఆ మెట్ల పక్కన వాలుబాట ఉంటే ఆమె కూడా మనవలెనే ఒక కొనుగోలుదారు. చూపు లేనివారికి బస్సు నంబరు పలికే గొంతు, వినికిడి లేనివారికి కనబడేటట్లు వ్రాసిన ప్రకటన ఇదే పని చేస్తాయి.

ఇక్కడ మరొక సంగతి. 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన "మయూరి" చిత్రం మనలో చాలామంది చూచినదే. ప్రమాదంలో కాలు కోల్పోయి, జైపూరు కాలితో తిరిగి నాట్యం చేసిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించారు. ఆ ధైర్యానికి అందరమూ చప్పట్లు కొట్టినాము. మెచ్చుకొనవలసినదే. కానీ వైకల్యం గల ప్రతివారూ అసాధారణ ధైర్యం చూపితేనే బజారుకు పోగలరన్నట్లు ఉండరాదు. చీర కొనుటకు వెళ్ళే మనిషి వీరురాలు కానవసరం లేదు.

చట్టం ఏమి చెబుతున్నది?

ఈ విషయమై మన దేశంలో మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చినది. దాని స్థానంలో వచ్చిన వైకల్యం గలవారి హక్కుల చట్టం, 2016, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. పాత చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, కొత్త చట్టం 21 రకాలను గుర్తించినది. ఆమ్లదాడికి గురైనవారు, మరుగుజ్జుతనం గలవారు, తలసేమియా వంటి రక్త వ్యాధులు గలవారు, ఆటిజం గలవారు కూడా ఇందులో చేరినారు.

సామాన్య కుటుంబాలు తెలిసికొనవలసిన అంశాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది: "ప్రజా భవనం" అంటే ప్రభుత్వ కార్యాలయం మాత్రమే కాదు. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు భవనం కూడా ప్రజా భవనమే. వ్యాపారం, విద్య, వైద్యం, మతం, వినోదం కొరకు వాడే కట్టడాలన్నీ ఈ నిర్వచనంలోకి వస్తాయి. టి. నగర్‌లోని అయిదంతస్తుల వస్త్ర దుకాణమూ, మన ఊరి కల్యాణ మండపమూ రెండూ ఇందులోనివే.

రెండవది: నిబంధనలు వెలువడిన నాటి నుండి అయిదు సంవత్సరాలలో అప్పటికే ఉన్న ప్రజా భవనాలను అందరూ వాడుకొనగలిగేటట్లు మార్చవలెనని 45వ సెక్షను చెబుతున్నది. సేవలు అందించే సంస్థలకు 46వ సెక్షను రెండు సంవత్సరాల గడువు ఇచ్చినది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడినవి. అనగా రెండు గడువులూ దాటిపోయినవి.

మూడవది: చట్టాన్ని అతిక్రమించినవారికి మొదటిసారి 10 వేల రూపాయల వరకు, తిరిగి అతిక్రమిస్తే 50 వేలకు తగ్గకుండా 5 లక్షల వరకు జరిమానా ఉన్నది. ప్రతి రాష్ట్రంలోనూ వైకల్యం గలవారి కొరకు ఒక కమిషనరు ఉంటారు. ఫిర్యాదులు వారికి పంపవచ్చును.

నాలుగవది: ఒక రాష్ట్రంలో నిబంధనల ప్రకారం ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. సరిహద్దు దాటగానే మన కాగితం విలువ పోదు.

చట్టం ఉన్నను అమలు నత్తనడక నడిచినది. చూపు లోపం గల రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఇందుకు నిదర్శనం. రోడ్లు, భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండవలెనని ఆయన కోరినారు. 2017 డిసెంబరులో కోర్టు ఆదేశాలు ఇచ్చినది. అవి ఎంతవరకు అమలైనవో పరిశీలించే పనిని తరువాత హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రానికి అప్పగించినది. ఆ నివేదిక అందిన పిమ్మట 2024 నవంబరు 8న తుది మాట చెప్పినది: అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నియమాలుగా ఉండవలెను. అందుకొరకు కేంద్ర ప్రభుత్వానికి మూడు నెలల గడువు విధించినది. 2017 నాటి నిబంధనలలో 15వ నిబంధన చట్టానికి విరుద్ధంగా ఉన్నదని కూడా తేల్చినది. దయగా కాక హక్కుగా అడుగవచ్చునని సామాన్యునికి ధైర్యమిచ్చిన తీర్పు ఇది.

టి. నగర్‌లో వచ్చిన మార్పులు

ఇరవై యేండ్ల క్రిందట పాండీ బజారులో కాలిబాట మీద నడవడమంటే సరుకుల నడుమ దారి వెదకుకొనడమే. 2013లో అక్కడి వీధి వ్యాపారులకు వేరుగా బహుళ అంతస్తుల సముదాయం కట్టి ఇచ్చినారు. స్మార్ట్ సిటీ పథకం క్రింద సర్ త్యాగరాయ రోడ్డును పాదచారుల కొరకు తీర్చిదిద్ది 2019 నవంబరులో ప్రారంభించినారు. వాహనాల దారిని తగ్గించి, కాలిబాటలను వెడల్పు చేసి, కూర్చొనుటకు బల్లలు వేసినారు. నడకలో అలసిపోయే వృద్ధులకు ఆ బల్ల ఒక పెద్ద సదుపాయం. ముందు ఎక్కడైనా కూర్చొనగలనన్న నమ్మకం ఉంటేనే కొందరు ఇల్లు కదలుతారు.

2023 మే 16న మాంబళం రైల్వే స్టేషనును, టి. నగర్ బస్ స్టేషనును కలిపే ఆకాశ నడకదారిని తమిళనాడు ముఖ్యమంత్రి ఎం.కె. స్టాలిన్ ప్రారంభించారు. దాని పొడవు 570 మీటర్లు, వెడల్పు 4.2 మీటర్లు, వ్యయం 28.45 కోట్ల రూపాయలు. దీనికి లిఫ్టు, ఎస్కలేటరు అమర్చినారు. రంగనాథన్ వీధి జనసందోహంలో ఊపిరాడని వారికి ఇది వేరొక దారి.

బస్సుల విషయంలో మార్పు ఊరకనే రాలేదు. ఎత్తైన మెట్లున్న బస్సులనే కొనుట తగదని వైకల్య హక్కుల కార్యకర్త వైష్ణవి జయకుమార్ మద్రాసు హైకోర్టులో పోరాడినారు. సంవత్సరాల తరబడి సాగిన వాదోపవాదాల తరువాత, 2024 ఆగస్టులో చెన్నై నగర రవాణా సంస్థ 58 లో-ఫ్లోర్ బస్సులను రోడ్డెక్కించినది. ఈ బస్సు ఆగినప్పుడు ఒక ప్రక్కకు కొంత వంగుతుంది. ద్వారం వద్ద మడత వాలుపలకను దించితే చక్రాల కుర్చీ నేరుగా లోనికి పోతుంది. మోకాళ్ళ నొప్పులున్న అవ్వకూ, చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లికీ అదే బస్సు సుఖం.

గొలుసులో ఒక్క కడియం తెగితే

ఇన్ని మార్పులు వచ్చినవి కదా, మరి ఆ బాలుని తీసుకొనిపోవుటకు ఇంకా ఏమి అడ్డు? దీనికి సమాధానం తెలియవలెనంటే ప్రయాణాన్ని మొదటి నుండి చివరి వరకు మనసులోనే నడిచి చూడవలెను.

సూళ్ళూరుపేట, గుమ్మిడిపూండి వైపు నుండి గానీ, తిరుత్తణి, అరక్కోణం వైపు నుండి గానీ లోకల్ రైలులో వచ్చినవారు చెన్నై సెంట్రల్ ప్రక్కన ఉన్న మూర్ మార్కెట్ సముదాయంలో దిగుతారు. అక్కడి నుండి రద్దీ రోడ్డు దాటి పార్క్ స్టేషనుకు వెళ్ళి, తాంబరం పోయే లోకల్ రైలెక్కి, ఎగ్మూరు, చేట్‌పట్, నుంగంబాక్కం, కోడంబాక్కం దాటి మాంబళంలో దిగవలెను. బస్సులో వచ్చేవారు 2018 నుండి ఆంధ్ర వైపు బస్సులకు కేంద్రమైన మాధవరంలో దిగి నగర బస్సు పట్టుకొనవలెను. ఈ దారిలో ఇంటి గడప, ఊరి రోడ్డు, స్టేషను మెట్లు, రైలుకూ ప్లాట్‌ఫారానికీ నడుమ సందు, రోడ్డు దాటడం, మళ్ళీ రైలు, మళ్ళీ వంతెన, చివరకు దుకాణం ముందరి మెట్లు — ఇన్ని కడియాలు ఉన్నవి. తొమ్మిది కడియాలు గట్టిగా ఉండి పదవది తెగినా గొలుసు పనికిరాదు. ఆకాశ నడకదారి ఎంత బాగున్నను, ఆనాడు లిఫ్టు పనిచేయకపోతే, చక్రాల కుర్చీలో ఉన్నవారికి ఆ 28 కోట్ల వంతెన లేనట్లే.

దుకాణాల లోపల చూతము. ముందు వాలుబాట ఉంటుంది, దానిపై బొమ్మలకు కట్టిన చీరలు నిలిపి ఉంటాయి. లిఫ్టు ఉంటుంది, సరుకుల మూటలతో నిండి ఉంటుంది. మరుగుదొడ్డి పై అంతస్తులో ఉంటుంది, దాని తలుపు సన్నగా ఉంటుంది. దుస్తులు వేసుకొని చూచే గదిలో కుర్చీ తిరుగదు. ద్విచక్ర వాహనాలు కాలిబాట ఎక్కకుండా పాతిన దిమ్మెలు దగ్గర దగ్గరగా ఉంటే చక్రాల కుర్చీనీ ఆపుతాయి. ఇవేవీ ఎవరూ పగబట్టి చేసినవి కావు. వైకల్యం గలవారు కొనుగోలుకు వస్తారని ఎవరికీ తోచకపోవడం వల్ల జరిగినవి. వారు రారు కనుక సదుపాయం లేదు. సదుపాయం లేదు కనుక వారు రారు. ఈ చక్రాన్ని ఎక్కడో ఒక చోట ఆపవలెను.

అగ్ని ప్రమాదాల సంగతి మరింత గంభీరమైనది. 2017 మే 31 తెల్లవారుజామున ఉస్మాన్ రోడ్డులోని ఒక ఏడంతస్తుల వస్త్ర దుకాణంలో నిప్పంటుకొని, భవనం చాలా భాగం కూలిపోయి, చివరకు దానిని పడగొట్టవలసి వచ్చినది. దుకాణం తెరవని వేళ కావడం అదృష్టం. మంటలు లేచినప్పుడు లిఫ్టు వాడరాదు. నాలుగవ అంతస్తులో చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని ఎవరు, ఏ దారిన దించుతారు? వినికిడి లేనివారికి గంట మ్రోగినదని ఎవరు చెబుతారు? ప్రవేశించుటకు దారి ఉన్నదా అని అడుగునప్పుడే, బయటపడుటకు దారి ఉన్నదా అని కూడా అడుగవలెను.

కట్టిన దానిని కాపాడుకొనడం మరొక కడియం. చెన్నై మెరీనా తీరంలో చక్రాల కుర్చీలు సముద్రం వద్దకు పోయేటట్లు కట్టిన చెక్కబాటను 2022 నవంబరు 27న ప్రారంభించినారు. ఎన్నో యేండ్లుగా దూరం నుండే అలలను చూచినవారు ఆనాడు దగ్గరకు వెళ్ళినారు. రెండు వారాలు గడవకముందే మాండూస్ తుపానుకు ఆ బాటలో కొంత భాగం దెబ్బతిన్నది, తరువాత బాగుచేసినారు. వాలుబాటైనా, లిఫ్టైనా ప్రారంభోత్సవంతో పని ముగియదు.

కంటికి కనబడని అడ్డంకులు

మెట్టును పగులగొట్టవచ్చును, మనసులోని మెట్టును తొలగించడమే కష్టం. దుకాణంలో అమ్మేవారు చక్రాల కుర్చీలో ఉన్న ఆమెను వదలి, వెనుక నిలబడిన ఆమె చెల్లెలిని "ఆమెకు ఏ రంగు కావలెను?" అని అడుగుతారు. కొందరు జాలితో చిల్లర చేతిలో పెట్టబోతారు. ఆటిజం గల బిడ్డ జనసమ్మర్దానికి, హోరుకు తట్టుకొనలేక ఏడిస్తే, "పెంపకం సరిలేదు" అని చుట్టూ ఉన్నవారు గొణుగుతారు. చూపు లేనివారిని అడుగకుండానే చేయి పట్టి రోడ్డు దాటిస్తారు. ఆయన దాటదలచినారో లేదో ఎవరూ అడుగరు.

మాట కూడా అడ్డంకి కాగలదు. కుంటి, గుడ్డి, చెవిటి అన్న పదాలను మనిషి పేరుకు ముందు తగిలించి పిలవడం మన పల్లెలలో ఇప్పటికీ ఉన్నది. అవి మానుకొనవలెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన శాఖకు "విభిన్న ప్రతిభావంతులు" అన్న పేరు వాడుతున్నది. కేంద్ర ప్రభుత్వం "దివ్యాంగులు" అంటున్నది. తమిళనాడులో "మాట్రుత్తిరనాళి" అన్న పదాన్ని బస్సులలోను, స్టేషన్లలోను చూడవచ్చును. తమిళం చదువరాని మన వారు ఆ మాటను గుర్తు పెట్టుకొనుట మంచిది. సహాయం అడుగునప్పుడు ఆ ఒక్క పదమే దారి చూపుతుంది. ఏ పదం వాడినను, ముందు మనిషి పేరుతో పిలవడమే అన్నిటికంటే గౌరవం.

కొలతలు తెలిస్తే ప్రశ్నించవచ్చును

"వాలుబాట ఉన్నది కదా" అని చూపినంత మాత్రాన సరిపోదు. దానికి కొలత ఉన్నది. మన దేశపు ప్రమాణాల ప్రకారం ఒక వంతు ఎత్తుకు పన్నెండు వంతుల పొడవు ఉండవలెను. అరడుగు మెట్టుకు ఆరడుగుల వాలు, ఒక అడుగు అరుగుకు పన్నెండడుగుల వాలు అని గుర్తుంచుకొంటే చాలును. అంతకంటే నిటారుగా ఉంటే కుర్చీ వెనుకకు జారుతుంది. తోసేవారికీ, కూర్చున్నవారికీ ప్రమాదం. వెడల్పు నాలుగడుగులకు తగ్గరాదు. రెండు ప్రక్కల పట్టుకొనుటకు కడ్డీలుండవలెను. తలుపు తెరచినప్పుడు మూడడుగుల ఖాళీ ఉండవలెను. కాలిబాట దిమ్మెల నడుమ కూడా కనీసం అంతే.

స్టేషన్లలో నేలపై పసుపుపచ్చని గరుకు పలకలు చూచియే ఉందురు. అవి అలంకారం కావు. పొడుగు గీతలున్న పలక "ముందుకు నడువుము" అనియు, చుక్కలున్న పలక "ఆగుము, ముందు మెట్లో అంచో ఉన్నది" అనియు చూపు లేనివారి పాదానికి, చేతికర్రకు తెలుపుతాయి. వాటి మీద సంచులు పెట్టడం, బండి నిలపడం ఒకరి దారిని మూయడమే.

బయలుదేరే ముందు

కుటుంబంలో వైకల్యం గలవారిని వెంటబెట్టుకొని వెళ్ళదలచినవారికి కొన్ని సూచనలు.

ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు వెంట ఉంచుకొనవలెను. ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరంలో పరీక్ష చేయించుకొన్నవారు యు.డి.ఐ.డి. కార్డు కూడా పొందితే రాష్ట్రం దాటినప్పుడు సులభం. తోడు లేనిదే ప్రయాణం చేయలేని వారికి రైల్వే వారు సెకండ్ క్లాసు, స్లీపరు, థర్డ్ ఏసీ తరగతులలో 75 శాతం రాయితీ ఇస్తున్నారు. వెంట వచ్చే ఒకరికి కూడా అది వర్తిస్తుంది.

దీపావళి, సంక్రాంతి ముందు వారాలు, ఆదివారాలు మానుకొని, పనిదినాన ఉదయం దుకాణాలు తెరవగానే వెళితే రద్దీ తక్కువ. రంగనాథన్ వీధి కంటే పాండీ బజారు వైపు నడక సులభం. వెళ్ళదలచిన దుకాణానికి ముందుగా ఫోను చేసి మూడు ప్రశ్నలు అడుగవలెను: ముందర వాలుబాట ఉన్నదా? లిఫ్టు పనిచేయుచున్నదా? చక్రాల కుర్చీ పోగల మరుగుదొడ్డి ఉన్నదా? "లేదు" అన్న సమాధానం వచ్చినా ప్రయోజనమే. పదిమంది అడిగితే పదకొండవ వారి నాటికి అది ఏర్పడవచ్చును.

సమయం ఉన్నవారు మరొక రెండు చోట్లు చూడవచ్చును. కామరాజర్ సాలైలో లేడీ విల్లింగ్‌డన్ కళాశాల ఆవరణలో 2022లో ప్రారంభమైన "మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్" అన్న ప్రదర్శనశాలలో ఇల్లు, బడి, పనిచోటు ఎట్లు మార్చుకొనవచ్చునో సహాయక పరికరాలతో సహా చూపుతారు. తమిళనాడు ప్రభుత్వం దీనిని విద్యాసాగర్ అన్న స్వచ్ఛంద సంస్థతో కలిసి ఏర్పాటు చేసినది. ఆ సంస్థ 1985 నుండి సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలతో పనిచేస్తున్నది. చెన్నై శివారు ముట్టుకాడులో 2005లో స్థాపించిన బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఒకటి ఉన్నది. కేంద్ర ప్రభుత్వానిది కనుక ఏ రాష్ట్రం వారైనా పరీక్షలకు, శిక్షణకు వెళ్ళవచ్చును.

మన గడప నుండే మొదలు

చెన్నై దుకాణాలను ప్రశ్నించే ముందు మన ఊరిని కూడా ఒకసారి చూచుకొనవలెను. పంచాయతీ కార్యాలయానికి వాలుబాట ఉన్నదా? బడిలో వాలుబాట ఉండి, మరుగుదొడ్డికి మాత్రం మెట్లు ఉన్నవా? రేషను దుకాణం అరుగు ఎంత ఎత్తు? కల్యాణ మండపంలో భోజనాల గది మేడమీద ఉంటే, నడవలేని పెద్దమ్మకు విస్తరి ఎక్కడ వేస్తున్నాము? పెండ్లి పందిరిలో వైకల్యం గల బిడ్డను మూల గదిలో కూర్చుండబెట్టినది ఏ చట్టమూ కాదు, మనమే.

ఖర్చు ఎక్కువగునని వెనుకాడవలసిన పని లేదు. కట్టేటప్పుడే కొలత ప్రకారం కడితే వాలుబాటకు అదనంగా పట్టేది కొన్ని బస్తాల సిమెంటు, కొంత ఇసుక. తరువాత పగులగొట్టి కట్టడమే ఖరీదు. గ్రామసభలో ఒక్కరు లేచి, "అందరూ లోనికి రాగలరా?" అని అడిగి, ఆ మాట తీర్మానంలో వ్రాయిస్తే చాలును. ఆ అడిగేవారు వైకల్యం గలవారే అయితే మరీ మంచిది; వారిని సభకు తీసుకొని వచ్చే దారి మాత్రం ముందు మనం ఏర్పరచవలెను. వృద్ధాప్యం అందరి ఇంటికీ వచ్చేదే కనుక, నేడు ఇంకొకరి కొరకు వేసిన వాలుబాట మీద రేపు మనమే నడుస్తాము.

ఆ బాలుడు ఇప్పుడు పై తరగతికి వెళ్ళినాడు. వాని చిన్నక్కకు సంబంధాలు చూస్తున్నారట. ఈసారి వాడు టి. నగర్‌కు వెళ్ళునో లేదో అక్కడి లిఫ్టు ఒక్కటే నిర్ణయించదు. బయలుదేరేనాటి వేకువన, "వాడూ వస్తాడు, దారి కనుక్కొందాము" అని ఇంట్లో ఒకరు అనవలెను. తక్కిన దారి అడుగుతూ పోతే ఏర్పడుతుంది.